గ్రీకు దేవతల పుట్టుక కథలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవవు? వాటిలో అసలుది ఏది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఎం.ఏ. సెమినార్ కోసం ప్రేమ దేవత అఫ్రొడైటీ గురించి చదువుతుంటే, ఒకచోట ఆమె సముద్రపు నురుగులోంచి పుట్టిందని ఉంది. హోమర్ కావ్యం ఇలియడ్ తెరిస్తే దేవతల రాజు జియస్‌కీ, డయోనీ అనే దేవతకీ పుట్టిన కూతురని ఉంది. ఏథెన్స్ ఊరి దేవత అథీనాకి తల్లే లేదని ఒకరు, మెటిస్ ఆమె తల్లి అని ఇంకొకరు. వేట దేవత ఆర్టెమిస్ పుట్టింది డిలోస్ దీవిలో అంటారు, ఎఫెసస్ ఊళ్లో అనీ అంటారు. వీటిలో ఏది ఒరిజినల్, ఏవి తర్వాత కల్పించినవి అని అడిగారు.

ఈ పేపర్ చాలా ఏళ్లుగా చెప్తున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్నతో నా దగ్గరికి వస్తారు, అలా వచ్చిన వాళ్లంటే నాకు చాలా ఇష్టం. రెండు కథలు కలవట్లేదని గమనించారంటే మూలాన్ని శ్రద్ధగా చదివారన్నమాట. ఇంటర్నెట్‌లో కనిపించే వంశవృక్షం చార్టులు ఈ తేడాలన్నీ చెరిపేసి, ఏదో ఒక కథనే ఉంచుతాయి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం. గ్రీకులకు మొత్తం మతానికి ప్రమాణమైన పవిత్ర గ్రంథం అంటూ ఏదీ లేదు. ఏది సరైన కథో తీర్పు చెప్పే పీఠం లేదు. పూజారి అంటే ఒక ఊళ్లో ఒక గుడికి సంబంధించిన మనిషి, పక్క ఊరి గుడి మీద అతనికి ఏ అధికారమూ లేదు. హోమర్, హెసియడ్ ఇద్దరూ కవులే. దేవతలకు వంశాలు కట్టిందీ, పేర్లు, పనులు, రూపాలు పంచిందీ ఈ ఇద్దరేనని క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ స్వయంగా రాశాడు. వాళ్లు తనకంటే 400 ఏళ్ల కంటే ముందటివాళ్లేం కాదని కూడా అన్నాడు. అంటే ఇది కవులు పేర్చిన వరస అని గ్రీకులకే తెలుసు. ఆ ఎరుకతోనే వాళ్లు ఆ దేవతలను భక్తితో కొలిచారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు.

కాబట్టి "ఏది ఒరిజినల్" అని అడిగితే జవాబు దొరకదు. "ఈ కథ ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు, దానితో వాళ్లకు ఏం పని" అని అడిగితే చాలావరకు దొరుకుతుంది. మీరు అడిగిన ముగ్గురినీ ఈ దారిలోనే చూద్దాం.

అఫ్రొడైటీతో మొదలుపెడతాను. హెసియడ్ రాసిన థియోగొనీలో ఆమె పుట్టుక ఒళ్లు గగుర్పొడిచే సన్నివేశం. ఆకాశమైన యురేనస్ తన పిల్లల్ని భూమి కడుపులోనే అదిమిపెడుతుంటాడు. బాధ భరించలేక భూదేవి గయా ఒక పెద్ద కొడవలి తయారుచేస్తుంది. చిన్న కొడుకు క్రోనస్ దాన్ని పట్టుకుని పొంచి ఉండి, తండ్రి రాత్రి వేళ భూమిని కమ్ముకున్నప్పుడు అతని మర్మాంగాన్ని కోసి వెనక్కి విసిరేస్తాడు. నేల మీద పడ్డ రక్తపు బొట్ల నుంచి పగ తీర్చే దేవతలు ఎరినీలు, రాక్షసాకారులైన జెయింట్లు పుడతారు. అంగం సముద్రంలో పడి చాలాకాలం కొట్టుకుపోతుంది. దాని చుట్టూ తెల్లటి నురుగు పొంగుతుంది, ఆ నురుగులో ఒక అమ్మాయి పెరుగుతుంది. ఆమె మొదట సిథీరా ద్వీపం దగ్గరికి, అక్కడి నుంచి సైప్రస్‌కి చేరుతుంది. ఒడ్డున అడుగు పెడితే పాదాల కింద గడ్డి మొలుస్తుంది.

ఇప్పుడు ఇలియడ్ ఐదో సర్గ చూడండి. ట్రాయ్ యుద్ధభూమిలో కొడుకు ఈనియస్‌ని కాపాడుకోడానికి అఫ్రొడైటీ దిగుతుంది. గ్రీకు వీరుడు డయోమెడిస్ ఆమెను వెంటాడి, చేతి మణికట్టు దగ్గర ఈటెతో పొడుస్తాడు. దేవతల ఒంట్లో రక్తం బదులు పారే ఐకోర్ అనే ద్రవం కారుతుంది. ఆమె కేక పెట్టి కొడుకుని వదిలేస్తుంది. యుద్ధదేవుడు ఏరీస్ గుర్రాలు అడిగి తీసుకుని ఒలింపస్ చేరి, తల్లి డయోనీ ఒళ్లో పడిపోతుంది. డయోనీ ఆమెను దగ్గరికి తీసుకుని, "ఎవరమ్మా నిన్నిలా చేసింది?" అని అడుగుతుంది. ఓర్చుకోమంటూ, మనుషుల చేతిలో దెబ్బలు తిన్న వేరే దేవతల సంగతులు చెబుతుంది. ఏరీస్‌ని ఇద్దరు అన్నదమ్ములు పదమూడు నెలలు కంచు జాడీలో బంధించడం, హెరాక్లీస్ బాణం జియస్ భార్య హెరా రొమ్ములో దిగడం, ఇలా. మాటలు చెబుతూనే రెండు చేతులతో గాయం తుడిచేస్తుంది, చెయ్యి మానిపోతుంది. తర్వాత జియస్ నవ్వుతూ, యుద్ధం నీ పని కాదమ్మా, పెళ్లిళ్ల సంగతి చూసుకో అంటాడు.

ఈ రెండు చోట్లా ఉన్నది పేరుకి ఒకే దేవత. కానీ ఒక్కో కవికి ఒక్కో అవసరం. ఇలియడ్‌లో ఈ సన్నివేశానికి తల్లి ఒడి కావాలి. కన్నీళ్లతో వచ్చిన కూతురు, ఊరడించే తల్లి, ముద్దుగా మందలించే తండ్రి ఉంటేనే ఆ సన్నివేశం పండుతుంది. డయోనీ ఇలియడ్ మొత్తంలో ఇక్కడ తప్ప ఇంకెక్కడా కనిపించదు. హెసియడ్‌కి కావలసింది వేరు. లోకంలో ఏది ముందు పుట్టింది, అధికారం ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా మారింది అన్నది అతని కావ్యం. అతని లెక్కలో కామం జియస్ కంటే పాతది, జియస్ తల కూడా వంచగలది. అందుకే అఫ్రొడైటీని జియస్ కూతురిగా కాక, అతని తాత యురేనస్ ఒంట్లోంచి వచ్చినదానిగా చూపించాడు. హెసియడ్‌కి డయోనీ పేరు తెలియక కాదు. అదే కావ్యంలో సముద్రదేవుడు ఓషియనస్ కూతుళ్ల పేర్లు వరసగా చెప్పేటప్పుడు ఆమెను చేర్చాడు. అఫ్రొడైటీకి మాత్రం తల్లిని చేయలేదు.

ఇక ఈ కథల వెనకున్న చోట్లు. డయోనీని హోమర్ తన సన్నివేశం కోసం పుట్టించలేదు. ఉత్తర గ్రీసులోని డొడోనాలో జియస్‌తో పాటు ఆమెకూ పూజ జరిగేది. అక్కడ భక్తులు తమ ప్రశ్నలు సీసపు రేకుల మీద గీసి అడిగేవాళ్లు. పెళ్లి చేసుకోవచ్చా, పిల్లలు పుడతారా, ఫలానా వ్యాపారం కలిసొస్తుందా అనే మామూలు ప్రశ్నలే. తవ్వకాల్లో అలాంటి రేకులు వేలల్లో దొరికాయి. చాలావాటిలో ప్రశ్న "జియస్ నాయియోస్‌కీ, డయోనీకీ" అనే మొదలవుతుంది. అంటే డొడోనాలో జియస్ పక్కనుండే అమ్మవారు హెరా కాదు, డయోనీ.

నురుగు కథలో సిథీరా, సైప్రస్ అనే రెండు పేర్లు ఎందుకొచ్చాయన్నది ఇంకా ఆసక్తికరం. ఆ రెండు దీవుల్లోనూ అఫ్రొడైటీకి పేరున్న పాత గుళ్లు ఉన్నాయి. హెరొడొటస్ ఏమంటాడంటే, ఈ దేవతకు అన్నిటికంటే పాత గుడి సిరియా తీరంలోని అస్కలోన్‌లో ఉంది. సైప్రస్ గుడి అక్కడి నుంచే వచ్చిందని సైప్రస్ వాళ్లే చెప్పుకుంటారు. సిథీరా గుడి కట్టింది ఫినీషియన్లు. ఇప్పుడు హెసియడ్ కథలో ఆమె నీళ్ల మీద తేలుతూ వచ్చిన దారి మళ్లీ చూడండి. ఆ దారి పొడవునా ఉన్నవి ఆమె గుళ్లే. సముద్రం దాటి వచ్చిన దేవత కథలోనూ సముద్రం మీదుగానే వస్తుంది.

సైప్రస్‌లోని పాఫోస్ గుడిలో ఆమెకు మనిషి ఆకారమే లేదు. కింద వెడల్పుగా ఉండి పైకి పోనుపోను సన్నబడే ఒక రాయినే దేవతగా కొలిచేవాళ్లు. క్రీ.శ. 69లో, ఇంకా చక్రవర్తి కాకముందు, టైటస్ అక్కడికి వెళ్లిన సంగతి రాస్తూ రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ఆ రాయిని వర్ణించాడు. ఆ ఆకారం ఎందుకో తెలియదనీ అన్నాడు. ఇటలీ చిత్రకారుడు బొటిచెల్లి వేసిన బొమ్మలో గవ్వ మీద నిలబడ్డ అందగత్తెకు అలవాటుపడ్డ మనకు ఈ రాయి కొత్తగా అనిపిస్తుంది. అఫ్రొడైటీ సొంత ఊరని గ్రీకులందరూ ఒప్పుకున్న చోట ఉన్నది మాత్రం ఈ రాయే.

యురేనస్ మర్మాంగం కోయడం అనే ఘట్టానికి కూడా తూర్పున చుట్టాలున్నాయి. టర్కీలోని హిట్టైట్ రాజధాని హట్టూసాలో దొరికిన మట్టి పలకల మీద కుమార్బి అనే దేవుడి కథ ఉంది. అతను ఆకాశదేవుడు అనుతో పోరాడి అతని మర్మాంగాన్ని కొరికి మింగుతాడు, దానివల్ల కుమార్బి కడుపులో కొత్త దేవతలు పడతారు. ఈ పలకలు హెసియడ్ కంటే కొన్ని వందల ఏళ్లు ముందువి. అయితే "అఫ్రొడైటీ అంటే మెసొపొటేమియా దేవత ఇష్తార్ కాపీ" అని ఒక్క ముక్కలో తేల్చేసే పోస్టులను నమ్మకండి. పూజలో, బిరుదుల్లో సంబంధం గట్టిగానే ఉంది. కానీ కుమార్బి కథలో నురుగు లేదు, అమ్మాయి లేదు. విన్న ముక్కలను గ్రీకులు తమ దేవతకు తగ్గట్టు తిరిగి పోత పోసుకున్నారు.

రెండు పుట్టుకలున్నాయని గ్రీకులకూ తెలుసు. తత్వవేత్త ప్లేటో రాసిన సింపోజియం అనే సంభాషణలో పౌసానియస్ అనే అతను దీన్ని తన వాదానికి వాడుకుంటాడు. తల్లి లేకుండా ఆకాశం నుంచి పుట్టిన అఫ్రొడైటీ ఒకరు, జియస్‌కీ డయోనీకీ పుట్టిన సాధారణ అఫ్రొడైటీ ఇంకొకరు, కాబట్టి ప్రేమలో కూడా ఉత్తమమైనది, మామూలుది అని రెండు రకాలున్నాయి అంటాడు. తేడాను దాచకుండా దాని మీదే సిద్ధాంతం కట్టాడు. సెమినార్‌లో ఈ పాయింట్ తప్పకుండా చెప్పండి.

ఇక అథీనా. ఈమె కథలో నాకు అన్నిటికంటే నచ్చేది కమ్మరి దేవుడు హెఫీస్టస్ గొడవ. మనందరికీ తెలిసిన కథలో జియస్‌కి భరించలేని తలనొప్పి, హెఫీస్టస్ గొడ్డలితో తల పగలగొడతాడు, అథీనా కవచం, ఈటెతో సహా బయటికి దూకుతుంది. కానీ థియోగొనీలో గొడ్డలే లేదు. జియస్ తన తలలోంచి ఆమెను తానే కన్నాడని మాత్రమే ఉంది. ఆ కోపంతో హెరా, మగతోడు లేకుండా తానూ ఒకరిని కంటుంది. అతనే హెఫీస్టస్. అంటే హెసియడ్ ప్రకారం అథీనా పుట్టేటప్పటికి హెఫీస్టస్ ఇంకా పుట్టలేదు, గొడ్డలి పట్టుకునే అవకాశమే లేదు. హోమర్ దగ్గర మళ్లీ హెఫీస్టస్ జియస్, హెరాల కొడుకే. కుండల మీద బొమ్మలు వేసిన కళాకారులు ఈ వరస పట్టించుకోలేదు. వాళ్ల బొమ్మల్లో గొడ్డలి పట్టుకున్న హెఫీస్టస్ కనిపిస్తాడు, జియస్‌కి అటూ ఇటూ పురుడు పోసే దేవతలు ఐలిథియాలు చేతులు చాచి నిలబడి ఉంటారు. పురుడొచ్చింది మగవాడికైనా మంత్రసానులు మాత్రం ఉండాల్సిందే.

ఆయుధాలతో పుట్టిందన్న ముక్క మొదట చెప్పిన కవి స్టెసికోరస్ అని ఒక ప్రాచీన వ్యాఖ్యానం చెబుతోంది. గొడ్డలి దెబ్బను క్రీ.పూ. 464లో పిండార్ అనే కవి ఒక పాటలో చెప్పాడు. ఆ పాట ఎవరి కోసం రాశాడో చూస్తే, అథీనా పుట్టుక అందులోకి ఎందుకొచ్చిందో తెలుస్తుంది. రోడ్స్ దీవికి చెందిన డయాగొరస్ అనే బాక్సర్ ఒలింపిక్స్‌లో గెలిచిన సందర్భం అది. అథీనా పుట్టిన రోజున రోడ్స్ మీద బంగారు మంచు కురిసిందని పిండార్ అంటాడు. కొత్త దేవతకు అందరికంటే ముందు బలిపీఠం కట్టమని సూర్యదేవుడు హీలియోస్ అక్కడున్న తన కొడుకులకు చెబుతాడు. వాళ్లు హడావుడిగా కొండెక్కుతారు గానీ నిప్పు తీసుకెళ్లడం మర్చిపోతారు. అందుకే రోడ్స్‌లో అథీనాకి నిప్పు లేకుండా నైవేద్యం పెడతారట. అక్కడి గుడిలో ఉన్న ఒక వింత ఆచారానికి కారణం చెప్పడానికే ఈ పుట్టుక కథ ఇలా మలుపు తిరిగింది.

మరి తల్లి ఎవరు? హెసియడ్ ప్రకారం మెటిస్, జియస్ మొదటి భార్య, తెలివికి దేవత. ఆమెకు ముందు అథీనా, తర్వాత దేవతలకూ మనుషులకూ రాజయ్యే కొడుకు పుడతారని జోస్యం ఉంటుంది. జియస్ ఆ కొడుకు పుట్టకుండా, కడుపుతో ఉన్న మెటిస్‌నే మింగేస్తాడు. తాత యురేనస్ పిల్లల్ని భూమిలో అదిమాడు, తండ్రి క్రోనస్ పుట్టిన పిల్లల్ని మింగాడు, జియస్ ఏకంగా తల్లినే మింగి ఆ వరస ఆపేశాడు. కావ్యం మొత్తంలో ఇది కీలకమైన మలుపు. హోమర్ మాత్రం మెటిస్ ఊసే ఎత్తడు. ఇలియడ్ ఐదో సర్గలోనే ఏరీస్ వచ్చి, ఆ పిల్లను నువ్వే స్వయంగా కన్నావు కాబట్టే ఏమీ అనవు అని తండ్రి మీద విరుచుకుపడతాడు. తల కథ హోమర్‌కి తెలుసని కొందరు పండితులు దీన్ని బట్టే అంటారు. అంతవరకు అనుకోవచ్చు గానీ, అంతకంటే ఎక్కువ బరువు ఆ మాట మోయదు.

ఏథెన్స్‌లో తల్లి పూర్తిగా మాయమైంది. క్రీ.పూ. 458లో ఈస్కిలస్ నాటకం యుమెనిడీస్ ఆడారు. తల్లిని చంపిన ఒరెస్టీస్ మీద విచారణ జరుగుతుంటుంది. అతని తరఫున అపోలో, తల్లి నిజానికి కన్నది కాదు, తండ్రి విత్తనాన్ని మోసేది మాత్రమే అని వాదిస్తాడు. దానికి సాక్ష్యం కావాలంటే ఇదిగో అంటూ ఎదుటే ఉన్న అథీనాను చూపిస్తాడు. తనను కన్న తల్లి లేదు కాబట్టి తాను మగవాడి పక్షమేనని చెప్పి అథీనా ఒరెస్టీస్ వైపు ఓటు వేస్తుంది. మెటిస్ పేరు ఒక్కసారి పలికినా ఆ వాదం కూలిపోతుంది. కోర్టులో గెలవడానికి ఒక తల్లిని కథలోంచి తీసేశారు. ఈ నాటకం చదివిన ప్రతిసారీ నాకు మెటిస్ గురించి బాధ కలుగుతుంది. ఆ తర్వాత కొన్నేళ్లకే, క్రీ.పూ. 447లో మొదలుపెట్టిన అథీనా గుడి పార్థెనాన్ తూర్పు ముఖం మీద ఈ పుట్టుకనే చెక్కారు. ఊరి దేవత గుడి ముందు వైపున, అందరికీ కనిపించేలా.

ఏథెన్స్ మాటే చివరి మాట కాలేదు. దక్షిణ గ్రీసులోని ఆర్కేడియా కొండల్లో అలిఫెరా అనే ఊరివాళ్లు అథీనా తమ దగ్గరే పుట్టిందని చెప్పుకునేవాళ్లు. అక్కడ "పురిటి మంచం మీది జియస్"కి ఒక బలిపీఠం ఉండేదని క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. ప్లేటో పాత్ర వేరు, ఈయన వేరు. లిబియాలో మరో కథ. ట్రిటోనిస్ సరస్సు దగ్గరి ప్రజలు అథీనా సముద్రాలను ఏలే పొసైడన్‌కీ ఆ సరస్సుకీ పుట్టిన కూతురనీ, తండ్రి మీద అలిగి జియస్ దగ్గరికి వెళ్తే అతను తన కూతురుగా చేసుకున్నాడనీ చెప్పేవాళ్లని హెరొడొటస్ రాశాడు. ఏటా ఆ దేవత పండగలో అక్కడి అమ్మాయిలు రెండు జట్లుగా విడిపోయి రాళ్లతో, కర్రలతో కొట్టుకునేవాళ్లట. దెబ్బలకు చనిపోయిన పిల్ల కన్య కాదని తేల్చేవాళ్లట. ఈ లిబియా కథ ఏథెన్స్ దాకా పాకింది. హెఫీస్టస్ గుడి పక్కన అథీనా విగ్రహానికి నీలి కళ్లు ఎందుకున్నాయంటే పౌసానియస్ ఇచ్చిన జవాబు ఇదే: పొసైడన్ కళ్లు కూడా అలాగే ఉంటాయి.

ఆర్టెమిస్ విషయంలో గొడవ తల్లి గురించి కాదు, పుట్టిన ఊరి గురించి. ఆమె కవల సోదరుడు అపోలో మీద ఉన్న పాత స్తోత్రంలో వాళ్ల తల్లి లీటో అపోలోను డిలోస్‌లో, ఆర్టెమిస్‌ను ఒర్టీజియాలో కన్నదని ఉంది. ఈ ఒర్టీజియా ఎక్కడుందన్నదే చిక్కు. డిలోస్ పక్క దీవి రెనియాకి పూర్వం ఆ పేరుండేదని భూగోళవేత్త స్ట్రాబో అంటాడు. సిసిలీలోని సిరక్యూస్ ఊరి మధ్య ఆ పేరుతో ఒక దీవి ఉంది, అది ఆర్టెమిస్ దీవిగా పేరుపొందింది. ఎఫెసస్ దగ్గర ఆ పేరుతోనే ఒక తోపు ఉంది. కవల పిల్లల్లో ముందు పుట్టిన ఆర్టెమిస్ తల్లికి తానే పురుడు పోసి తమ్ముణ్ని బయటికి తెచ్చిందన్న కథ అపొలొడొరస్ పేరుతో ఉన్న తర్వాతి కాలపు సంకలనంలో స్పష్టంగా కనిపిస్తుంది. కాన్పుల వేళ ఆడవాళ్లు ఆర్టెమిస్‌కి ఎందుకు మొక్కుతారో ఈ కథ చెబుతుంది.

ఇది ఊళ్ల మధ్య ఎంత పట్టింపో చూడండి. క్రీ.శ. 22లో, టైబీరియస్ చక్రవర్తి కాలంలో, గుళ్లలో తలదాచుకునే హక్కు మీద రోమ్ సెనేట్ విచారణ పెట్టింది. పారిపోయిన బానిసలు, అప్పులవాళ్లు, నేరస్తులు గుడిలో దూరితే ఎవరూ ముట్టుకోకూడదన్న హక్కు అది. ఏ గుడికి ఆ హక్కు నిజంగా ఉందో ఆధారాలతో రమ్మన్నారు. అందరికంటే ముందు ఎఫెసస్ వాళ్లు నిలబడ్డారు. అపోలో, ఆర్టెమిస్ జనం అనుకున్నట్టు డిలోస్‌లో పుట్టలేదు, మా ఊళ్లో కెంక్రియస్ నది, ఒర్టీజియా తోపు ఉన్నాయి, లీటో నొప్పుల వేళ ఆనుకున్న ఆలివ్ చెట్టు ఇప్పటికీ ఉంది అని వాదించారు. పుట్టుక కథ ఇక్కడ దస్తావేజు అయింది. హనుమంతుడు పుట్టిన అంజనాద్రి తిరుమలలోనే ఉందని టీటీడీ 2021 శ్రీరామనవమి నాడు ప్రకటించినప్పుడు, కాదు, హంపి పక్కన ఆనెగొంది దగ్గరి అంజనాద్రే అని కర్ణాటక వాళ్లు అన్నారు గుర్తుందా? రెండు చోట్లా భక్తి నిజమే. ఎఫెసస్, డిలోస్ సంగతి కూడా ఇలాగే చదవాలి. ఎవరూ అబద్ధం ఆడట్లేదు, ఎవరి కొండ వాళ్లకుంది.

డిలోస్ వాళ్ల పట్టింపు ఇంకో రకం. క్రీ.పూ. 426లో ఏథెన్స్ వాళ్లు ఆ దీవిని శుద్ధి చేసి, అక్కడున్న సమాధులన్నీ తవ్వించి తీసేశారు. ఇక మీదట దీవిలో ఎవరూ చనిపోకూడదు, ఎవరూ పుట్టకూడదని నియమం పెట్టారు. నెలలు నిండిన వాళ్లనూ, చావుకు దగ్గరైన వాళ్లనూ పడవలో రెనియాకి చేర్చేవాళ్లు. అపోలో పుట్టిన నేల మీద ఇంకెవరికీ పురుడు లేదు.

ఆర్టెమిస్‌కి తల్లి లీటో అన్నదైనా స్థిరమా అంటే, అదీ కాదు. నాటకకర్త ఈస్కిలస్ ఒకచోట ఆమెను పంటల దేవత డిమీటర్ కూతుర్ని చేశాడనీ, అది ఈజిప్టు వాళ్ల దగ్గర తీసుకున్నదనీ హెరొడొటస్ అంటాడు. ఈజిప్టు లెక్కలో లీటో ఆ పిల్లల్ని పెంచిన దాది మాత్రమే. ఆ నాటకం మనకు మిగల్లేదు.

మిగతావాళ్ల గురించి త్వరగా చెప్పేస్తాను. హెరా తమ ఇంబ్రసస్ నది ఒడ్డున, అప్పటికీ గుడిలో ఉన్న వావిలి జాతి చెట్టు కిందే పుట్టిందని సామోస్ దీవివాళ్లు అనేవాళ్లు. ఆర్గోస్ వాళ్లు ఆమెను తమ ఆస్టెరియన్ నది కూతుళ్లు పెంచారనేవాళ్లు. ఇలియడ్‌లో మాత్రం ఆమె ఓషియనస్, టెథిస్‌ల ఇంట్లో పెరిగింది. మంత్రవిద్యల దేవత హెకటీకి హెసియడ్ పెర్సీస్, ఆస్టెరియాలను తల్లిదండ్రులుగా చెబితే, బాకిలిడీస్ అనే కవి ఆమెను రాత్రి కూతురన్నాడు. కళలకు దేవతలైన మ్యూజ్‌లు రెండు తరాలవాళ్లని, పెద్దవాళ్లు యురేనస్ కూతుళ్లు, చిన్నవాళ్లు జియస్ కూతుళ్లని మిమ్నెర్మస్ అనే కవి సర్దిచెప్పాడు.

విధిని నడిపే ముగ్గురు మొయిరాల ఉదాహరణ మాత్రం గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అక్కడ రెండు కథలూ ఒకే కావ్యంలో ఉన్నాయి. థియోగొనీ మొదటి భాగంలో వాళ్లు తండ్రి లేకుండా రాత్రికి పుట్టారు, చావు, నిద్ర, కలలకు తోబుట్టువులు. ఏడువందల పంక్తుల తర్వాత అదే ముగ్గురు, అవే పేర్లతో, జియస్‌కీ న్యాయదేవత థెమిస్‌కీ కూతుళ్లు. వ్రాతప్రతిలో తప్పు పడిందని కొందరు సరిచేయాలని చూశారు. నాకు అది అవసరం అనిపించదు. విధి చీకట్లోంచి వచ్చినదీ నిజమే, జియస్ రాజ్యంలో దానికి న్యాయం అనే చోటు దొరికిందన్నదీ నిజమే. హెసియడ్‌కి రెండూ కావాలి. ఒక్క కవే ఒకే కావ్యంలో రెండు పుట్టుకలు ఇవ్వగలిగినప్పుడు, వేర్వేరు ఊళ్ల కథలన్నీ కలవాలని మనం పట్టుబట్టడంలో అర్థం లేదు.

"సరే, అందరికంటే పాత ఆధారం ఏది?" అని మీరు అడగవచ్చు. గ్రీకు భాషలో అన్నిటికంటే పాత రాతలు లీనియర్ బి అనే లిపిలో ఉన్న మట్టి పలకలు. 1952లో మైకేల్ వెంట్రిస్ వాటిని చదివే దారి కనిపెట్టాడు. వాటిలో హెరా పేరుంది, క్రీటులోని నోసస్ పలక మీద అథీనాలా చదివే పేరుంది. అఫ్రొడైటీ పేరు ఇంతవరకు కనబడలేదు. పురుడు దేవత ఐలిథియా పేరు పాత రూపంలో ఉంది: అమ్నిసోస్‌లోని ఆమెకు ఒక జాడీ తేనె అని. హోమర్ కూడా అమ్నిసోస్‌లో ఆమె గుహ ఉందంటాడు. ఆమె అక్కడే పుట్టిందని క్రీటు వాళ్లు నమ్మేవాళ్లని, వెయ్యేళ్ల పైచిలుకు తర్వాత పౌసానియస్ రాశాడు. ఆ ఊరికీ ఆ దేవతకీ ఉన్న బంధం అంతకాలం నిలబడింది. కానీ పలకల మీద ఉన్నవి పద్దులు: ఎవరికి ఎంత నూనె, ఎంత తేనె. కథ ఒక్కటీ లేదు. కాబట్టి పేరు ఎంత పాతదో చెప్పగలం గానీ, కథ ఎంత పాతదో వాటితో చెప్పలేం.

కాలం విషయంలో ఇంకో జాగ్రత్త. తర్వాతి పుస్తకంలో ఉన్న కథ తర్వాత పుట్టిందేనని అనుకోకండి. పౌసానియస్ క్రీ.శ. 2వ శతాబ్దం వాడు, కానీ ఆయన ఊరూరా తిరిగి గుడి దగ్గరివాళ్లను అడిగి రాసుకున్నవాటిలో హోమర్ అంత పాతవి ఉండే అవకాశం ఉంది. అలాగని ఆన్‌లైన్‌లో దొరికే ప్రతి కథా ప్రాచీనం కాదు. ద్రాక్షసారా దేవుడు డయనైసస్ వచ్చినప్పుడు పొయ్యి దేవత హెస్టియా తన సింహాసనం త్యాగం చేసిందని అందరూ రాస్తుంటారు, అది ఏ ప్రాచీన గ్రంథంలోనూ లేదు. ఏ కథ చూసినా, ఇది ఏ గ్రంథంలో ఏ చోట ఉందో చూపించమని అడగండి. చూపించగలిగితే అది ఒక పాఠాంతరం. చూపించలేకపోతే పక్కన పెట్టేయండి.

ఇక మీ సెమినార్ పేపర్ సంగతి. "గ్రీకు పురాణాల ప్రకారం అఫ్రొడైటీ నురుగు నుంచి పుట్టింది" అని రాయకండి, "హెసియడ్ ప్రకారం" అని రాయండి. వెంటనే హోమర్ కథ ఇచ్చి, రెండిటినీ ప్లేటో ఎలా వాడుకున్నాడో ఒక పేరా పెట్టండి. థియోగొనీ చిన్నది, వెయ్యి పంక్తుల పైచిలుకు, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. ఇలియడ్ ఐదో సర్గ ఒక్కటైనా సారాంశం కాకుండా పూర్తి అనువాదంలో చదవండి. అథీనా తల్లి అన్న చోట మెటిస్ పేరు రాసి, ఈస్కిలస్ ఆ పేరు ఎందుకు ఎత్తలేదో కూడా రాయండి. ఎగ్జామినర్ ప్రశ్నలు అడిగేది అక్కడే.